మా పిల్లలకు 4–2–5 ఎందుకు కుదిరింది: న్యూజెర్సీ హైస్కూల్ ఫుట్‌బాల్ డిఫెన్స్‌పై ఒక కేస్ స్టడీ

నేను మధ్య న్యూజెర్సీలోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల ఉపాధ్యాయుణ్ని. బడి వదిలాక అదే స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు డిఫెన్స్ కోచ్‌గా పని చేస్తాను. ఇక్కడ రాస్తున్నది వరుసగా రెండు సీజన్లలో మా జట్టు డిఫెన్స్‌కు జరిగిన సంగతి. మొదటి సీజన్‌లో మాకు నచ్చిన ఫార్మేషన్‌ను, అంటే ఆటగాళ్లు నిలబడే అమరికను, పిల్లల మీద రుద్ది దెబ్బతిన్నాం. రెండో సీజన్‌కు ముందు ఆ తప్పును కాగితం మీద పెట్టుకుని, మన దగ్గర ఏ రకం ఆటగాళ్లు అరుదుగా ఉన్నారో ముందు తేల్చుకుని, ఆ అరుదైనవాళ్లను అతి తక్కువ మందిని అడిగే ఫార్మేషన్ ఏదని వెతికాం. హైస్కూల్ స్థాయిలో డిఫెన్స్ ఎంపికకు ఇంతకన్నా నమ్మదగిన దారి నాకు కనిపించలేదు.

ఈ ఆటతో పరిచయం లేనివారికి కొంత నేపథ్యం అవసరం. మైదానంలో జట్టుకు 11 మంది ఉంటారు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు వెళ్లాలి, వెళ్లలేకపోతే బంతి అవతలివాళ్లకు పోతుంది. దాడి చేసే జట్టు ముందు వరుసలో మధ్యన సెంటర్, అతనికి రెండు పక్కలా గార్డులు, వాళ్ల పక్కన టాకిల్స్ నిలబడతారు. చాలాసార్లు ఒక చివర టైట్ ఎండ్ కూడా చేరతాడు. సెంటర్‌కూ గార్డ్‌కూ మధ్య ఉన్న సందును ఎ గ్యాప్ అని, గార్డ్‌కూ టాకిల్‌కూ మధ్యది బి గ్యాప్ అని, టాకిల్‌కు ఆవలి పక్కది సి గ్యాప్ అని, టైట్ ఎండ్ ఉంటే అతనికి ఆవల ఉన్నది డి గ్యాప్ అని పిలుస్తాం. ఒక టైట్ ఎండ్ ఉన్న వరుసలో మొత్తం ఏడు సందులు ఉంటాయి, ప్రతి సందుకూ ఒక కాపలాదారు ఉండాలి. 4–3, 3–4, 4–2–5 లాంటి అంకెలు ముందు వరుసలో ఎందరు, వాళ్ల వెనక లైన్‌బ్యాకర్లు ఎందరు, ఆ వెనక ఎందరు అని చెబుతాయి. సందులు ఎవరికి పంచామో ఆ అంకెలు చెప్పవు. అసలు డిఫెన్స్ అంతా ఆ పంపకంలోనే ఉంది.

ఎడిసన్ ఊరి నుంచి వచ్చే తెలుగు తండ్రి ఒకరు తన కొడుకు ఆట చూస్తూ, ఇందులో కాపలా ఎలా ఉంటుందని నన్ను అడిగారు. కబడ్డీలో కార్నర్ ముందుకు దూకితే కవర్ వెంటనే అతని వెనక చోటు మూయాలని, మూయకపోతే రైడర్ గీత దాటిపోతాడని ఆయనకు గుర్తు చేశాను. గొలుసులో ఒక చెయ్యి వదిలితే ఏమవుతుందో తెలిసిన మనిషికి ఏడు సందుల లెక్క చెప్పడం కష్టం కాలేదు.

మొదటి సీజన్: 3–4తో మా అనుభవం

ఆ ఏడాది మేము 3–4 ఆడాం. ముందు ముగ్గురు, వెనక నలుగురు లైన్‌బ్యాకర్లు ఉండటం వల్ల ఎవరు ఎప్పుడు దాడికి వస్తారో అవతలి క్వార్టర్‌బ్యాక్‌కు (బంతి అందుకుని దాడిని నడిపేవాడికి) అంతుపట్టదని మా ఆలోచన. అందులో తప్పు లేదు. తప్పంతా మేము ఎంచుకున్న రకంలో ఉంది. అది టూ గ్యాప్ పద్ధతి. అందులో సెంటర్‌కు ఎదురుగా నిలబడే నోస్ గార్డ్ తన రెండు పక్కల ఉన్న ఎ గ్యాప్‌లను ఒక్కడే కాయాలి. సెంటర్‌ను రెండు చేతులతో ఆపి, బంతి ఎటు వెళుతుందో చూసి, ఆ వైపు మీద పడాలి. కాలేజీ జట్లలో ఆ పని చేసేవాళ్లు 300 పౌండ్ల మనుషులు. మా నోస్ గార్డ్ 195 పౌండ్లు, అంటే 88 కిలోల పిల్లవాడు. పైగా మా జట్టు బంతి పట్టినప్పుడు గార్డ్‌గా ఆడేదీ అతనే, కనుక ఆట మొత్తంలో అతనికి కూర్చునే వీలే లేదు.

ఐదో ఆట వీడియోలో ఒక దృశ్యం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. స్నాప్ అయిన (సెంటర్ బంతిని వెనక్కి అందించిన) వెంటనే సెంటర్, గార్డ్ ఇద్దరూ కలిసి అతని మీద పడ్డారు. అతని కాళ్లు కదులుతూనే ఉన్నాయి, గడ్డి మీద బూటు మేకులు గీసిన గాట్లు కూడా కనిపిస్తున్నాయి, అయినా నాలుగు గజాలు వెనక్కి జారి మా సొంత లైన్‌బ్యాకర్ మోకాళ్లకు తగిలి పడిపోయాడు. బంతి పట్టుకున్నవాడు వాళ్లిద్దరి పక్క నుంచి ఎవరి చెయ్యీ తగలకుండా వెళ్లిపోయాడు. అది చూసి అవతలి కోచ్ ఆ ఎత్తుగడనే ఆ క్వార్టర్‌లో (ఆటలో ఆ పావు భాగంలో) మళ్లీ మళ్లీ ఆడించాడు. మర్నాడు వీడియో గదిలో ఆ పిల్లవాడు ఫిర్యాదుగా కాక నిజంగా తెలుసుకోవాలని అడిగాడు: "కోచ్, నేను కుడికి వెళ్లాలా, ఎడమకు వెళ్లాలా?" రెండు వైపులా అని నేనే నేర్పాను. ఆ శరీరంతో అది సాధ్యం కాదని ఆగస్టులోనే తూకం వేసి చూసి ఉండాల్సింది నేను. అతను మాత్రం నేను చెప్పినదాన్ని చివరి ఆట దాకా శక్తికొద్దీ చేశాడు.

వేసవిలో వేసిన లెక్క

సీజన్ అయ్యాక జట్టులో మిగిలిన 41 మంది పేర్లు రాసుకున్నాం. స్థానాల పేర్లు పక్కన పెట్టి, ఎవరు ఏ పని చేయగలరో దాన్ని బట్టి విడగొట్టాం. వరుస లోపల నిలబడి ఇద్దరి బలాన్ని కొంతసేపైనా తట్టుకోగల భారీ పిల్లలు ఐదుగురు తేలారు. వాళ్లలో నలుగురు దాడి వరుసలోనూ ఆడతారు. 170 నుంచి 190 పౌండ్ల మధ్య ఉండి మొదటి అడుగు చాలా వేగంగా వేయగలవాళ్లు 11 మంది ఉన్నారు. పరుగు పందేల నుంచి, బాస్కెట్‌బాల్ నుంచి వచ్చిన 12 మంది సన్నని పిల్లలు దూరం పరుగెత్తి, గాలిలో బంతిని వెంటాడగలరు. ఎదుటి కదలికను చదివి, మోసపోకుండా సరైన సందులోకి దిగగల లైన్‌బ్యాకర్లు మాత్రం ఇద్దరే ఉన్నారు. మిగతావాళ్లు ఇంకా ఆట నేర్చుకుంటున్నారు. ఈ పట్టిక పూర్తయ్యాక గాని, మాకు అన్నిటికన్నా అరుదైన సరుకు లైన్‌బ్యాకర్ అని తెలిసిరాలేదు. అలాంటప్పుడు ముందటి ఏడాది నలుగురు లైన్‌బ్యాకర్లు కావలసిన డిఫెన్స్ ఆడాం.

తర్వాత ప్రత్యర్థుల వీడియోలన్నీ హడిల్ అనే వీడియో సైట్‌లో తెరిచి చూశాం. తొమ్మిది జట్లలో ఐదు స్ప్రెడ్ ఆడతాయి, అంటే రిసీవర్లను (పాస్ అందుకునేవాళ్లను) మైదానం వెడల్పునా పరుస్తాయి. మూడు జట్లు వింగ్–టి ఆడతాయి. డెలవేర్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిలో గార్డులు తమ చోటు వదిలి పక్కకు పరుగెత్తి దారి చూపుతారు, వెనక ముగ్గురు బంతి తమ దగ్గరే ఉన్నట్టు నటిస్తారు. ఇక మిగిలిన జట్టుది ట్రిపుల్ ఆప్షన్, అంటే బంతి ముగ్గురిలో ఎవరితో పోవాలో ఆట నడుస్తుండగానే క్వార్టర్‌బ్యాక్ తేల్చుకునే పద్ధతి.

పిల్లలు, ప్రత్యర్థులు తేలాక చివరగా నేర్పడానికి దొరికే సమయం చూసుకోవాలి. 2019లో న్యూజెర్సీ హైస్కూల్ క్రీడా సంఘం సీజన్ నడుస్తున్నప్పుడు పూర్తి స్థాయిలో ఢీకొట్టే ప్రాక్టీసును వారానికి 15 నిమిషాలకు పరిమితం చేసింది. పదహారేళ్ల పిల్లల తలల విషయం కాబట్టి ఈ నిబంధనను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కోచ్‌గా నాకు దాని అర్థం ఏమిటంటే, నడకలో నేర్పగలిగినదే శుక్రవారం రాత్రి ఆటలో పనికొస్తుంది. నిజమైన ఢీకొట్టుడులో పదిసార్లు పొరబడితే తప్ప పట్టుబడని పద్ధతి ఎంత గొప్పదైనా మాకు అందదు.

ఈ లెక్కలతో ఒక్కొక్క ఫార్మేషన్‌నూ పరీక్షించాం. 4–4 వింగ్–టికి మంచి విరుగుడు, ఎనిమిది మంది బంతికి దగ్గరలో ఉంటారు. అయితే నలుగురు లైన్‌బ్యాకర్లు కావాలి, పైగా ఐదు స్ప్రెడ్ జట్ల మీద బయటి లైన్‌బ్యాకర్లు చురుకైన రిసీవర్ల వెంట పరుగెత్తాల్సి వస్తుంది. 5–2కు లోపలి వరుసలో నిలబడేవాళ్లు మా దగ్గర చాలినంతమంది లేరు. నాకు మాత్రం 3–3–5 మీద మనసుండేది, రెండు వారాలు దాని తరఫునే వాదించాను. ముందు వరుసలోని ముగ్గురు లైన్‌మెన్ వెనక ముగ్గురు లైన్‌బ్యాకర్లను దాచిపెట్టే ఆ పద్ధతి బలమంతా కదలికలో ఉంది: ముందున్నవాడు ఒక సందులోకి ఒరిగితే వెనకవాడు రెండో సందులోకి దూకుతాడు. ఒక్కడు పొరబడితే ఒకేసారి రెండు సందులు తెరుచుకుంటాయి, ప్రతి ప్రయత్నానికీ సందు మారుతుంది. మూడో లైన్‌బ్యాకర్‌గా ఎవరిని పెడతావని ప్రధాన కోచ్ పేరు అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. నా వాదన అక్కడితో ముగిసింది.

4–2–5లో సందుల పంపకం

టెక్సస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయంలో గ్యారీ ప్యాటర్సన్ ఎన్నో ఏళ్లు నడిపి పేరు తెచ్చిన 4–2–5 మాకు సరిపోయింది. అందులో లైన్‌బ్యాకర్లు ఇద్దరే, వెనక ఐదుగురు: అంచుల్లో ఇద్దరు కార్నర్‌బ్యాక్‌లు, లోపల ముగ్గురు సేఫ్టీలు. మా పట్టికలో ఎక్కువగా ఉన్న రెండు రకాలకూ, అంటే వేగంగా మొదటి అడుగు వేసే మధ్యస్థ శరీరాలకూ, పరుగెత్తే సన్నని పిల్లలకూ అందులో చోటు ఉంది. ముందు వరుసలో చివర ఉండే ఇద్దరు ఎండ్‌లుగా 180 పౌండ్ల పిల్లల్ని పెట్టాం, వాళ్లు ముందటి ఏడాది అరకొర లైన్‌బ్యాకర్లుగా అవస్థ పడినవాళ్లే. లోపలి ఇద్దరు టాకిల్స్ (డిఫెన్స్‌లోనూ ఆ పేరే) స్థానాలకు ఐదుగురు భారీ పిల్లల్ని మార్చి మార్చి వాడాం, దానివల్ల నాలుగో క్వార్టర్‌లో వాళ్ల కాళ్లలో శక్తి మిగిలింది.

ముందు వరుస నిలబడే చోట్లను అంకెలతో చెప్పే పద్ధతి బమ్ ఫిలిప్స్ పేరుతో ముడిపడి ఉంది. ఆయన టెక్సస్‌లో హైస్కూల్ కోచ్‌గా పనిచేసి, తర్వాత హ్యూస్టన్ ఆయిలర్స్‌కు ప్రధాన కోచ్ అయ్యారు. ఆ లెక్కలో 3 అంటే గార్డ్ బయటి భుజం, 1 అంటే సెంటర్ భుజం. మేము టైట్ ఎండ్ ఉన్న వైపు 3 స్థానంలో ఒక టాకిల్‌ను పెట్టి ఆ వైపు బి గ్యాప్ ఇచ్చాం. రెండో టాకిల్ అవతలి వైపు 1 స్థానంలో ఎ గ్యాప్ తీసుకున్నాడు. ఎండ్‌లిద్దరికీ చెరో సి గ్యాప్. మిగిలిన ఎ గ్యాప్ మైక్ అనే లైన్‌బ్యాకర్‌ది, మిగిలిన బి గ్యాప్ విల్ అనే లైన్‌బ్యాకర్‌ది. టైట్ ఎండ్‌కు ఆవలి డి గ్యాప్ స్ట్రాంగ్ సేఫ్టీకి, అంటే ఆ వైపు ఉండే సేఫ్టీకి, దక్కింది. ఏడు సందులకు ఏడుగురు, ఒక్కొక్కరికి ఒక్కటే. మా పాత నోస్ గార్డ్ ఇప్పుడు 1 స్థానంలో ఆడాడు. బంతి కదలగానే సెంటర్ భుజం పక్కనుంచి ముందుకు దూసుకుపోవడమే అతని పని. ఎటు వెళ్లాలని అతను నన్ను మళ్లీ అడగలేదు.

మైదానం కొలతలు కూడా ఈ ఎంపికకు కలిసివచ్చాయి. మా రాష్ట్రంలో అనుసరించే జాతీయ హైస్కూల్ నియమాల ప్రకారం హ్యాష్ గీతలు (ప్రతి ప్రయత్నానికీ బంతి పెట్టే చోటుకు హద్దులు) 160 అడుగుల వెడల్పును మూడు సమాన భాగాలు చేస్తాయి. బంతి ఒక హ్యాష్ మీద ఉన్నప్పుడు ఒక పక్క 53 అడుగులే ఉంటుంది, రెండో పక్క దాదాపు 107 అడుగుల ఖాళీ మైదానం ఉంటుంది. ప్రొఫెషనల్ ఆటలో హ్యాష్‌లు దగ్గరగా ఉంటాయి కాబట్టి టీవీలో ఈ తేడా తెలియదు. వెనక ఐదుగురు ఉండటం వల్ల, బాగా పరుగెత్తే సేఫ్టీని ఎప్పుడూ వెడల్పు వైపు పెట్టి, బలంగా పట్టుకోగలవాణ్ని ఇరుకు వైపు పెట్టగలిగాం. స్ప్రెడ్ జట్ల మీద మొదటి రెండు ఆటలూ మేము అనుకున్నదానికన్నా బాగా ఆడాం.

మూడో ఆట

మూడో ఆట వింగ్–టితో. వాళ్ల ప్రధాన అస్త్రం బక్ స్వీప్. ఫుల్‌బ్యాక్ (క్వార్టర్‌బ్యాక్ వెనక ఉండే పరుగు ఆటగాడు) బంతి తనకే ఇచ్చారన్నట్టు మధ్యలోకి దూకుతాడు. వింగ్‌బ్యాక్ (వరుస చివర కొంచెం వెనక నిలబడేవాడు) మా ఎండ్‌ను పక్క నుంచి లోపలికి నొక్కుతాడు. రెండు గార్డులూ తమ చోటు వదిలి బయటికి పరుగెత్తుతారు. బంతి వాళ్ల వెనక వస్తుంది. మా స్ట్రాంగ్ సేఫ్టీకి నేను నేర్పింది ఏమిటంటే, బయటి చెయ్యి ఖాళీగా ఉంచుకుని, బంతిని లోపలికి తిప్పమని. అతను అలాగే రెండు గజాల దూరంలో నిలబడి కాచుకున్నాడు. మొదటి గార్డ్ వచ్చి అతన్ని బయటికి తోసేశాడు. అవతల ఎండ్ లోపలికి నొక్కబడి ఉన్నాడు. వాళ్లిద్దరి మధ్య బండి పట్టేంత దారి తెరుచుకుంది. దాన్ని మూయాల్సిన మైక్ ఫుల్‌బ్యాక్ నటనను నమ్మి మధ్యలోకి వెళ్లిపోయాడు. ఆ స్వీప్ ఆ రాత్రి 14 సార్లు వచ్చింది, మా లెక్కలో సగటున ఏడు గజాలకు పైగా సాధించింది.

ఆదివారం కోచ్‌లంతా కూర్చున్నప్పుడు 4–4కు మారిపోదామన్న మాట వచ్చింది. నాకు అది సరికాదనిపించింది, ఎందుకంటే వీడియోలో పొరపాటు నిలబడిన చోట లేదు, చూసిన చోట ఉంది. మైక్ వెనక ఆటగాళ్లను చూస్తున్నాడు, వింగ్–టి అబద్ధాలన్నీ చెప్పేది వాళ్లే. గార్డులకు అబద్ధం చెప్పే తీరిక ఉండదు. అందుచేత లైన్‌బ్యాకర్లిద్దరికీ కళ్లు గార్డ్ మీద పెట్టమని చెప్పాం. గార్డ్ తన మీదికి వస్తే సందు నింపాలి, పక్కకు పరుగెత్తితే అటే పరుగెత్తాలి, వెనక్కి అడుగు వేస్తే పాస్ అనుకోవాలి.

సోమవారం మైదానంలో ఐదు ప్లాస్టిక్ చెత్త డబ్బాలను దాడి వరుసలా నిలబెట్టాం. గార్డుల చోట మాత్రం డబ్బాలు తీసేసి ఇద్దరు పిల్లల్ని పెట్టాం. వెనక ముగ్గురు అసిస్టెంట్ కోచ్‌లు చేతులు పొట్టకు అదుముకుని బంతి ఉన్నట్టు నటిస్తూ ఇష్టమొచ్చిన దిక్కుకు పరుగెత్తారు. మొదటి అరగంట మైక్ తల మా వైపే తిరిగేది. ఆ తర్వాత, అతను ఇక కోచ్‌ల వైపు చూడటం మానేశాడని, చెత్త డబ్బాల మధ్య ఉన్న ఆ ఇద్దరి మోకాళ్ల వైపే చూస్తున్నాడని దూరం నుంచే తెలిసింది. ఇదంతా నడకలోనే జరిగింది. వారానికి దొరికే 15 నిమిషాల్లో ఒక్క నిమిషం కూడా దీనికి ఖర్చు కాలేదు.

స్ట్రాంగ్ సేఫ్టీ పని కూడా మార్చాం. ఆగి కాచుకోవడం మాన్పించి, బంతి కదలగానే లోపలికి దగ్గరగా దిగి, పరుగెత్తి వచ్చే గార్డ్ లోపలి భుజాన్ని తన బయటి భుజంతో తగిలి, దారి మూయమని చెప్పాం. అప్పుడు బంతి గత్యంతరం లేక ఇంకా బయటికి వెళ్లాలి. ఆ వైపు సాధారణంగా వైడ్ రిసీవర్ ఉండడు గనుక కార్నర్‌బ్యాక్ ఖాళీగా ఉండి బయట కాస్తాడు, మైక్ వెనక నుంచి అందుకుంటాడు. 68 కిలోల పిల్లవాడు 100 కిలోల గార్డ్‌కు ఎదురు వెళ్లడం నాకు తేలికైన విషయం కాదు. తల పైకెత్తి, కళ్లు గార్డ్ ఛాతీ మీద ఉంచి, భుజంతో మాత్రమే తగలడం మెత్తటి దిండు మీద సరిగ్గా వచ్చేదాకా అతన్ని ఆ పనికి దించలేదు. బుధవారానికి గాని నాకు తృప్తి కలగలేదు.

చివరగా, వింగ్–టి జట్ల మీద వీక్ సేఫ్టీని (టైట్ ఎండ్ లేని వైపు సేఫ్టీని) బంతి దగ్గరికి దించి, ఎనిమిది మందిని ముందు నిలిపాం. బయటినుంచి చూస్తే అది 4–4 లాగే కనిపిస్తుంది. పిల్లలకు మాత్రం ఒక్క సందు కూడా మారలేదు, ఒక్క కొత్త పేరు కూడా నేర్వాల్సి రాలేదు. తర్వాతి రెండు వింగ్–టి ఆటల్లో అదే స్వీప్‌ను సగటున మూడు గజాల లోపు ఆపగలిగాం. ఒకటి గెలిచాం, ఒకటి ఓడాం. ట్రిపుల్ ఆప్షన్ జట్టు మీద పెద్దగా మార్చాల్సింది లేదు: లోపలివాళ్లు ఫుల్‌బ్యాక్‌ను, ఎండ్ క్వార్టర్‌బ్యాక్‌ను, సేఫ్టీ పిచ్‌ను (పక్కకు విసిరే బంతిని) చూసుకున్నారు.

ఇంకా తెగని సమస్య

ఈ ఫార్మేషన్‌లో మేము సీజన్ చివరిదాకా తీర్చలేకపోయిన లోటు ఒకటి ఉంది. స్ప్రెడ్ జట్లు వెడల్పు వైపు ముగ్గురు రిసీవర్లను పెట్టినప్పుడు, లోపలి రిసీవర్ నేరుగా లోతుకు పరుగెత్తితే అతనితో ఎవరు వెళ్లాలన్నది ప్రశ్న. మైక్‌ను పంపితే ఎ గ్యాప్ ఖాళీ అవుతుంది, పైగా వేగంలో అతను చాలడు. వీక్ సేఫ్టీని అటు జరిపితే ఇరుకు వైపు కార్నర్‌బ్యాక్ తన రిసీవర్‌తో ఒంటరిగా మిగులుతాడు. మేము రెండోదే ఎంచుకున్నాం. ఎనిమిదో ఆటలో అవతలి కోచ్ అది కనిపెట్టి, మాకన్నా నాలుగు అంగుళాలు పొడవున్న రిసీవర్‌ను అటు నిలిపి, రెండు టచ్‌డౌన్లు కొట్టించాడు.

దీనికి తోడు ఇప్పటి స్ప్రెడ్ జట్లు పరుగునూ పాస్‌నూ ఒకే ఎత్తుగడలో కలిపి, ఆఖరి క్షణంలో క్వార్టర్‌బ్యాక్ చేత నిర్ణయింపజేస్తాయి. హైస్కూల్ నియమాల్లో బంతి గాలిలోకి పోకముందు దాడి లైన్‌మెన్ రెండు గజాల కన్నా ముందుకు పోకూడదు. ఆ రెండు గజాల కదలిక చూసి పరుగనుకుని విల్ సందులోకి దిగిన క్షణానే బంతి అతని తల మీదుగా పోతుంది. ఈ వేసవిలో ముగ్గురు రిసీవర్ల ఫార్మేషన్ కనిపించినప్పుడు మాత్రం వెనక లోతున ముగ్గురిని పరిచి, 3 స్థానంలోని టాకిల్‌ను ఇరుకు వైపుకు మార్చి, విల్‌కు బి గ్యాప్ భారం తగ్గించే ప్రయోగం చేస్తున్నాం. అలా మారిస్తే మైక్ కాయాల్సిన సందు కూడా మారుతుంది. కొత్త మైక్ పదకొండో తరగతిలోకి వస్తున్న పిల్లవాడు. అతనితో వచ్చే వారం నుంచి చెత్త డబ్బాల దగ్గర మళ్లీ మొదలుపెడుతున్నాం.